పిల్లికి తెలిసిన డ్యూటీ చార్టు

మా ఇంటి ముందు రోడ్డు భద్రాచలం పోతుంది. పాల్వంచ దాటి వచ్చే ప్రతి బస్సూ, ప్రతి ఇసుక లారీ, ప్రతి బూడిద టిప్పరూ మా గేటును ఒకసారి వణికించి గాని ముందుకు పోదు. నా కుట్టుమిషను ముందు గదిలో కిటికీ పక్కన ఉంటుంది. పదిహేనేళ్ళుగా అక్కడే కూర్చుని జాకెట్లు కుడుతున్నాను కాబట్టి ఏ బండి ఏ వేళకు పోతుందో హారను విని చెప్పగలను. అంత తెలిసినదాన్ని, నా ఇంట్లో పిల్లి ఆ రోడ్డు ఎందుకు దాటుతుందో కనుక్కోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

దీని తల్లి ఆ రోడ్డు మీదే పోయింది. దానికి నేను పేరు పెట్టుకున్నాను, పిలిస్తే వచ్చేది. ఒక పొద్దున నల్లా కింద బకెట్టు పెట్టి వాకిలి ఊడుస్తుంటే రోడ్డు అంచున కనిపించింది. ఇంకేమీ రాయను. మిషను కింద నేను గుడ్డపీలికలు వేసే సంచి ఒకటుంటుంది. అది అందులో పిల్లల్ని పెట్టిందని ఆ రోజే తెలిసింది. మూడింట్లో రెండు బతకలేదు. మూడోదానికి మందు సీసాలో వచ్చే చుక్కల గొట్టంతో పాలు పట్టాను. ఒళ్ళంతా తెలుపు, తోక ఒక్కటే పసుపుకొమ్ము రంగు. దీనికి పేరు పెట్టలేదు. పేరున్న పిల్లి పోతే ఎట్లా ఉంటుందో ఒకసారి చూసినదాన్ని. పిల్లీ అంటేనే పలుకుతుంది, మాకు అది చాలు.

దీన్ని మాత్రం ఆ రోడ్డుకు ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. నేను అనుకుంటే అయిపోయేట్టయితే ఈ కథే లేదు. ఏడో నెల వచ్చేసరికి అది గోడెక్కడం నేర్చింది. ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల ఉంది. నా చేతిలో సూది అట్లాగే ఆగిపోయింది.

మొదట గదిలో పెట్టి తలుపేశాను. మొదటి రోజు అరిచింది, రెండో రోజు ఏడ్చింది, మూడో రోజు పెళ్ళికూతురు జాకెట్టుకు తెచ్చిన పట్టు ముక్కను గోళ్ళతో గీరింది. ఆ అరుపులకు వెనక వాటాలో ఉండే చాచీ వచ్చింది. ఇల్లు ఆమెదే, మేం కిరాయికి ఉంటున్నాం. ఆమె భర్త ఉన్నప్పుడు పరుపులు కుట్టేవాడట. అందుకేనేమో నా మిషను చప్పుడు ఆమెను ఎప్పుడూ విసిగించలేదు. కానీ ఆ రోజు మాత్రం ముఖం గంటు పెట్టుకుంది.

"బిల్లీని గిట్ల బంద్ జేస్తరా బేటీ? పిల్లిని కట్టేసినదానికి దోజఖ్, నరకమే అని మా పెద్దోళ్ళు చెప్పేటోళ్ళు."

"తిండి పెట్టకుండ కట్టేస్తే గదా చాచీ. నేను చేప పెడుతున్న."

"దోజఖ్‌ల గూడ చేప పెడితే నువ్వుంటవా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర జవాబు లేకపోవడం మా ఇంట్లో పండగలాంటిది. మా ఆయన వారం రోజులు ఆ మాట తలుచుకుని నవ్వాడు. తలుపు తీసేశాను.

తరవాత గేటు ఊచలకు పాత దోమతెర కట్టాను. అది గోడ మీంచి పోయింది. పోనీ, బండ్లవాళ్ళకైనా కనిపించాలని మా ఆయన పాత డ్యూటీ జాకెట్టు మీది మెరిసే పట్టీ విప్పి దాని మెడకు పట్టీ కుట్టాను. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఎలుకలు సభ పెట్టుకున్నాయట. నన్ను పిలిచి ఉంటే కొలత తీసుకుని మరీ కట్టేదాన్ని. కాకపోతే ఎక్కడైనా కొమ్మకు తగులుకుంటే ఊపిరాడక చస్తుందన్న భయంతో అతుకు దగ్గర కచ్చా కుట్టే వేశాను, లాగితే తెగేట్టు. అది నాలుగుసార్లు తెంపుకుని వచ్చింది. నాలుగుసార్లూ మళ్ళీ కుట్టాను. నా చేతి కుట్టు అంత తేలిగ్గా తెగుతుందని గిరాకీలకు తెలిస్తే నా పరువేం కాను.

ఆపరేషన్ చేయిస్తే తిరుగుడు తగ్గుతుందని ఎవరో అంటే బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానాకు తీసుకెళ్ళాను. బర్రెల వరసలో బుట్ట పట్టుకుని నిలబడితే అందరూ నన్నే చూశారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపికగా మాట్లాడింది. ఆపరేషన్ అయ్యాక నేను మళ్ళీ అదే ప్రశ్న అడిగాను, రోడ్డు దాటకుండా ఏం చేయాలి అని.

"ఎప్పుడు దాటుతుంది?" అంది.

"ఎప్పుడు పడితే అప్పుడే."

"పిల్లి ఎప్పుడు పడితే అప్పుడు ఏ పనీ చెయ్యదమ్మా. అవతల దానికి ఏదో పని ఉంది. అదేందో కనుక్కోండి, తరవాత ఆపుదురు గాని. టైములు రాసుకోండి."

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏదైనా ఎందుకు అన్నది తేలేదాకా అన్నం సయించదు. డాక్టరమ్మ తెలిసి అందో తెలియక అందో గాని, సరిగ్గా నా జబ్బుకు తగిన మాట అంది. ఇంటికి రాగానే కొలతల పుస్తకం చివరి పేజీ తీశాను. అటువైపు భుజం, చెస్టు, చేతి పొడవు. ఇటువైపు పిల్లి వెళ్ళిన వేళ, తిరిగి వచ్చిన వేళ.

రాయడమైతే రాశాను గాని, అవతల ఏం ఉందో నాకు ముందే తెలుసని నా నమ్మకం. అవతల చికెన్ దుకాణం ఉంది. పిల్లి అటువైపు పోయాక ఆ దుకాణం ఫ్లెక్సీ బోర్డు వెనక మాయమవుతుంది, మళ్ళీ కనిపించదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం చాలాసార్లు మా ఆయన చేతుల్లో ఉండేది. ఆయన కరెంటు ప్లాంటులో బొగ్గు మోసుకుపోయే బెల్టుల దగ్గర పనిచేస్తాడు. ప్లాంటు బస్సు అటునుంచి వస్తుంది కాబట్టి రోడ్డుకు అవతలే దింపుతుంది. దిగి, దుకాణం దగ్గర తచ్చాడే పిల్లిని చంకలో పెట్టుకుని భద్రంగా దాటించి తెస్తున్నాడని నేను మురిసిపోయేదాన్ని. రోజూ దాని ప్రాణం కాపాడుతున్నాడు పాపం అని చాచీతో కూడా చెప్పాను. ఆయన విని ఊరుకున్నాడు.

ఒకనాడు నేరుగా దుకాణానికే వెళ్ళాను.

"అన్నా, మా పిల్లికి ముక్కలు వేయకు. నీ ముక్కల కోసం అది లారీల కింద పడేట్టుంది."

ఆయన కత్తి కింద పెట్టాడు. "ఏంది చెల్లె గిట్ల అంటవ్? ఈడ ముక్క కింద పడితే కుక్కలు ఇడుస్తయా? మీ పిల్లి నా దిక్కు తిరిగి గూడ సూడది."

"మరి రోజూ ఎవరి కోసం వస్తది?"

"నన్నడిగే ముందు మీ ఇంట్ల అడుగు."

నన్ను ఇల్లు చక్కదిద్దుకోమంటున్నాడని నాకు ఒళ్ళు మండింది. రెండు మాటలు ఎక్కువే అన్నాను. ఆదివారం చికెన్ కూడా మానేశాం. మానేయడం వల్ల ఆయనకు నష్టం లేదని, మాకే నోరు చప్పబడిందని మా ఆయన గొణిగాడు.

ఫిర్యాదు చేసేవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. అడవి పల్లెల నుంచి ఆడవాళ్ళను ఎక్కించుకుని వచ్చే ఆటో తమ్ముడు ఒకడు. నా గిరాకీలు సగం అతని ఆటోలోనే దిగుతారు. అతనికి శకునాల పట్టింపు ఎక్కువ. పిల్లి అడ్డం వచ్చిందంటే ఆటో అక్కడే ఆపేసి, వేరే ఎవరైనా ముందు ఆ గీత దాటేదాకా కదలడు.

"అక్కా, మీ పిల్లి రోజూ నాకే ఎదురొస్తది. నిన్న ఇద్దరు మనుషులు దిగి నడుచుకుంట పోయిన్రు."

"నీకే ఎందుకొస్తది తమ్మీ? నువ్వే దానికి ఎదురు పోతున్నవ్. అది ఇంటికి పోయి, ఆటో ఎదురొచ్చింది, ఇయ్యాల పనేం కాదు అనుకుంటదేమో."

అతను నవ్వలేదు. నేను ఎక్కిరించినకొద్దీ అతను ఇంకాసేపు ఆగేవాడు.

నెల నిండవచ్చింది. ఒక మధ్యాహ్నం కుట్టాల్సిన పని ఉండి కూడా చేయబుద్ధి కాక ఆ చివరి పేజీ ముందేసుకుని కూర్చున్నాను. మొదటి వారం అంతా మధ్యాహ్నం రెండు. అటూ ఇటూ ఐదు నిమిషాలు. రెండో వారం రాత్రి పది. మూడో వారం పొద్దున ఆరు. మళ్ళీ నాలుగో వారం మధ్యాహ్నం రెండు. మధ్యలో వారానికి ఒక్కరోజు ఖాళీ, ఆ రోజు అసలు దాటనే లేదు. ఇటువంటి వరుస నేను ఎక్కడో చూశాను. ఎక్కడా అని తల ఎత్తితే ఎదురుగా గోడకు వేలాడుతోంది. మా ఆయన డ్యూటీ చార్టు.

మొదటి షిఫ్టు వారం ఆయన రెండుంబావుకు దిగుతాడు. రెండో షిఫ్టు వారం రాత్రి పదింబావుకు, మూడో షిఫ్టు వారం తెల్లవారి ఆరుంబావుకు. వీక్లీ ఆఫ్ నాడు ఇంట్లోనే ఉంటాడు. పిల్లి రాతలు, ప్లాంటు చార్టు పక్కపక్కన పెడితే వేలు పెట్టడానికి సందు లేదు.

సంతోషంతో చాచీని పిలవబోయి ఆగాను. ఎందుకంటే లెక్క పూర్తిగా తేలలేదు. ప్లాంటు బస్సు రోజుకు మూడుసార్లూ వస్తుంది, ఆయన దిగినా దిగకపోయినా. మూడు బస్సుల్లో ఆయన ఏ బస్సుకు వస్తాడో పిల్లికి ఎట్లా తెలుస్తుంది? పైగా బస్సు రెండుంబావుకు వస్తే ఇది రెండింటికే బయల్దేరుతుంది. షిఫ్టు మారిన మొదటి రోజు కూడా తప్పలేదు. చార్టు చదవడం వస్తే తప్ప కుదిరే పని కాదు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మిషను ఎక్కకుండా పిల్లినే చూస్తూ కూర్చున్నాను. రెండు కావొచ్చేదాకా పీలికల సంచిలో పడుకుంది. నేను లేచి రోజూ చేసినట్టే ఆయన స్నానానికి బకెట్టు నల్లా కింద పెట్టాను. బొగ్గు పొడితో వచ్చే మనిషి కాబట్టి ఇంట్లోకి రాకముందే బయట నల్లా దగ్గర ఒళ్ళు కడుక్కోవడం మా ఇంటి అలవాటు. నల్లా సన్నగా వస్తుంది, పెద్ద ఇనుప బకెట్టు నిండడానికి అరగంట పడుతుంది, అందుకని బస్సు వచ్చే ముందే తిప్పి పెడతాను. ఖాళీ ఇనుములో నీళ్ళు పడగానే టంగుమని మోగింది. సంచిలోంచి ముందు రెండు చెవులు లేచాయి. తరవాత పిల్లి లేచింది. ఒళ్ళు విరుచుకుంది, చెయ్యి నాకి ముఖం కడుక్కుంది, గోడెక్కింది.

దానికి చార్టు చదవడం రాదు. చార్టు చూసి బకెట్టు పెట్టేది నేను.

ఆ తరవాతి రోజు పరీక్ష కోసం పదకొండు గంటలకు నల్లా తిప్పాను. ఆ వేళలో ఏ బస్సూ లేదు. పిల్లి గబగబా లేచి గోడ మీదికి ఎక్కింది. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను, తోక పట్టుకున్నంత పనిచేసి కిందికి దించాను. అది నన్ను చాలా అసహ్యంగా చూసింది.

ఇక అవతల ఏముందో తేలాలి. ఆ మధ్యాహ్నం రోజూలాగే నల్లా తిప్పి, పిల్లిని చాచీ ఒళ్ళో పెట్టి, నేనే రెండింటికి రోడ్డు దాటాను. రెండు ఇసుక లారీలు పోయేదాకా ఆగి, ఒక టిప్పరు చూసి వెనక్కి వచ్చి, మళ్ళీ దాటాను. మనిషిని నాకే ఇంత కష్టమైంది. అది పిడికెడు ప్రాణం, ఎట్లా దాటుతోందో అనుకున్నాను. ఫ్లెక్సీ బోర్డు వెనకకు పోయి నిలబడ్డాను. అక్కడ ఒక చిన్న కల్వర్టు ఉంది, దానికి మోకాలెత్తు గోడ. చికెన్ అన్న నన్ను చూసి మళ్ళీ కత్తి అందుకున్నాడు. నాకు ఆయన ముఖం చూడాలంటే సిగ్గయింది.

బస్సు వచ్చింది, మా ఆయన దిగాడు. నేను బోర్డు చాటున ఉన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గోడ మీద కూర్చున్నాడు. "పిల్లీ," అని మెల్లగా పిలిచాడు. టిఫిన్ డబ్బా తీసి పక్కన పెట్టాడు. అందులో నేను పొద్దున వేసిన గుడ్డు సగం ఉంది. సగం గుడ్డు, కొంచెం పెరుగన్నం. డబ్బా రోజూ ఖాళీగా తిరిగి వస్తుంటే నా వంట మెచ్చి తింటున్నాడని అనుకునేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా ఇంట్లో కళ్ళు మూసుకున్నది పిల్లి కాదు.

నేను బయటికి రాబోయాను. ఇంతలో చాచీ చేతుల్లోంచి ఎట్లా తప్పించుకుందో, పిల్లి గోడ కింద నుంచి ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎప్పుడు దాటిందో నేను చూడనే లేదు. ఆయన ముఖం విప్పారింది. గుడ్డు చిదిమి పెడుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇయ్యాల బెల్టు రెండుసార్లు ఆగింది పిల్లీ. బొగ్గు తడిగొచ్చింది, అంత ముద్దలు ముద్దలు. పారలు పట్టుకోని మేమే తీసినం. నడుము పడిపోయింది. కొత్త పిలగాడు ఒకడు కింద గూసోని ఏడ్సిండు. నేనే నీళ్ళు తాపిన."

ఇవేవీ ఆయన నాకు చెప్పలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ. డ్యూటీ ఎట్లుంది అంటే మంచిగనే అనేవాడు. బోర్డు వెనక నిలబడి నేను ఒక పిల్లి మీద అసూయపడ్డాను. నవ్వు కూడా వచ్చింది గాని అసూయే ఎక్కువ. బయటికి రాకుండా వాళ్ళు రోడ్డు దాటేదాకా ఆగి, వెనకే ఇంటికి వచ్చాను.

సాయంత్రం చార్టు, పుస్తకం రెండూ ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన మొదట నవ్వాడు. "అంటే అది గూడ ప్లాంటుల జేరిందా?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

"బస్సు దిగంగనే ఎదురొచ్చేది అదొక్కటేనే. అందుకే ఒక ముద్ద దాస్తున్న."

"నాకు చెప్పేటియి దానికి చెప్తున్నవ్."

"నేనొచ్చేటాల్లకు నీ మిషను నడుస్తుంటది. చెప్పినా నీకినపడది." కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు. పుస్తకం మూసి, మెల్లగా ఇంకో మాట అన్నాడు. "దీని తల్లికి గూడ నేను ఆడనే పెట్టేటోన్ని."

ఇద్దరం చార్టు వైపు చూశాం. పాత నెలల కాగితాలు కింద అట్లాగే గుచ్చి ఉన్నాయి. తియ్యాల్సిన పని లేదు, నాకు గుర్తుంది. దాని తల్లి పోయిన వారం ఆయనది మూడో షిఫ్టు. ఆ పొద్దున నల్లా కింద బకెట్టు పెట్టింది నేనే. మేమిద్దరం కలిసి దాన్ని రోడ్డు మీదికి పిలిచాం, ఒకరు ఇవతల నుంచి, ఒకరు అవతల నుంచి. నేను చాలాసేపు ఏడ్చాను.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. ఆయన కల్వర్టు మీద కూర్చోకూడదు, దిగి నేరుగా రావాలి. పిల్లికి పెట్టేది ఏదైనా నల్లా పక్కనే పెట్టాలి. ఆయన గేటు లోపలికి వచ్చేదాకా నల్లా తిప్పకూడదు. ఆయన అరగంట బొగ్గు ముఖంతో అరుగు మీద కూర్చోవాలి, కూర్చున్నాడు. మొదటి రోజు పిల్లి ఖాళీ బకెట్టు చుట్టూ తిరిగింది. రెండో రోజు బకెట్టులోకి తొంగి చూసింది, గోడ మాత్రం ఎక్కలేదు. డాక్టరమ్మకు వెళ్ళి చెప్పి రావాలని అనుకున్నాను.

చాచీకి మాత్రం చెప్పలేదు. అది నా తప్పు. ఆమె రెండు రోజులు చూసింది, మొగుడు బొగ్గుతో వచ్చి కూర్చుంటే నీళ్ళు కూడా పట్టి పెట్టని పెళ్ళాన్ని. మూడో రోజు, నాకు పని ఎక్కువై మరిచిపోతున్నానని జాలిపడి, బస్సు వచ్చే ముందు తానే వచ్చి నల్లా తిప్పింది.

మిషను తొక్కుతున్నాను. టంగుమని వినబడింది. కాళ్ళు ఆపి లేచేసరికి పిల్లి గోడ మీద ఉంది. నేను గడప దాటేసరికి రోడ్డు మీద ఉంది.

భద్రాచలం వైపు నుంచి ఆటో తమ్ముడు వస్తున్నాడు, వెనకనే బూడిద టిప్పరు. టిప్పరు అతన్ని దాటడానికి పక్కకు తీస్తోంది. పిల్లి ఆటో ముందు నుంచి పోయింది. అంతే, ఆటో తమ్ముడు రోజూ చేసినట్టే నడిరోడ్డు మీద బండి ఆపేశాడు. ఆపడమే కాదు, కొంచెం అడ్డంగా తిరిగింది ఆటో. టిప్పరు పోవడానికి దారి లేక కీచుమని అరుస్తూ జానెడు దూరంలో ఆగింది. ఆ పక్క నుంచి వచ్చిన ప్లాంటు బస్సు తన స్టాపు దగ్గర తాను ఆగింది. మొత్తం రోడ్డు ఆగిపోయింది. మధ్యలోంచి పసుపు తోక ఒకటి నిలువుగా లేచి అవతలికి పోయింది.

టిప్పరు డ్రైవరు హారను మీద చెయ్యి తీయడం లేదు. ఆటో తమ్ముడు తల బయటికి పెట్టాడు. "పిల్లి దాటిందన్నా, ఎవరన్న ఒకలు ముంగట పోండ్రి. నేను మాత్రం కదల."

మా ఆయన బస్సు దిగి ఇదంతా చూశాడు. కాళ్ళ దగ్గరికి వచ్చిన పిల్లిని ఎత్తుకున్నాడు. రోడ్డు మధ్యకు వచ్చి ఆటోకు ఎదురుగా నడిచి, పిల్లి వెళ్ళిన దారినే తిరిగి దాటాడు.

"నేను దాటిన తమ్మీ. దోషమేమన్న ఉంటే నాకే తగుల్తది. ఇగ నువ్వు పో."

ఆటో పోయింది, టిప్పరు తిట్టుకుంటూ పోయింది. ఆయన గేటు లోపలికి వచ్చి పిల్లిని నా చేతిలో పెట్టాడు. నల్లా ఇంకా పడుతూనే ఉంది, చాచీ బకెట్టు పక్కన నిలబడి మా ముఖాలు చూస్తోంది. ఏం జరిగిందో చెప్పాక ఆమె తల కొట్టుకుంది, నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఆటో తమ్ముడి శకునాల పిచ్చిని ఎన్ని రోజులు ఎక్కిరించానో. ఆ వారమే అతని ఆటోకు కొత్త సీటు కవర్లు కుట్టి ఇచ్చాను. చికెన్ అన్న దగ్గరికి కూడా వెళ్ళి నా మాటలు వెనక్కి తీసుకుని, కిలో చికెన్ తెచ్చాను.

ఆ రోజు స్నానం చేసి వచ్చి మా ఆయన అన్నాడు, "బకెట్టు సంగతి మనకు తెలిసింది గాని, దానికి ఇంకా ఏమేం తెలుసో మనకు తెల్వది. బస్సొచ్చే టయానికి నువ్వు దాన్ని ఎత్తుకోని గేటు కాడ ఉండు."

ఉండటం మొదలుపెట్టాను. మొదట్లో విసుగ్గా ఉండేది. చేతి నిండా పని పెట్టుకుని, మిషను ఆపి, పిల్లిని చంకనేసుకుని గేటు దగ్గర కొలువు. ఆయన రోడ్డు దాటి వచ్చి పిల్లి తల నిమిరేవాడు, దానితోనే మాట్లాడేవాడు. బెల్టు సంగతులు, తడిబొగ్గు సంగతులు. పిల్లి నా చేతుల్లో ఉంది కాబట్టి నాకూ వినక తప్పేది కాదు. విన్నాక అడగక తప్పేది కాదు, నా జబ్బు ఉండనే ఉంది. బెల్టు ఎంత పొడుగుంటది? అది ఆగితే నీకెట్లా తెలుస్తది? ఆ ఏడ్చిన పిల్లాడు మళ్ళీ వచ్చిండా? పదిహేనేళ్ళు ఆ బొగ్గును ఆయన బట్టల్లోంచి ఉతికి పోసినదాన్ని, అది ఎక్కడి నుంచి ఎట్లా వస్తుందో అప్పటిదాకా అడగలేదు. పిల్లి సంగతి నెల రోజులు రాసుకున్నాను గాని ఈయన సంగతి ఒక్క పేజీ రాయలేదు.

ఇప్పుడు పిల్లికి ఏడాదిన్నర. గోడ మీదికి ఎక్కుతుంది గాని రోడ్డు వైపు దిగదు. ఇంటి వెనక చాచీ సీతాఫలం చెట్టు కింద తిరుగుతుంది, అటువైపు చేలే తప్ప రోడ్డు లేదు. బకెట్టు ఆయన వచ్చాకే నిండుతుంది, ఆ చప్పుడుకు పిల్లి నల్లా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. కానీ నమ్మకం లేదు. టిప్పరు పోయినప్పుడల్లా ముందు నా చూపు దాని మీదికే పోతుంది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం వర్షం పడుతోంది. జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. బస్సు ఆగిన చప్పుడు విని లేచి గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన తల మీద సంచి కప్పుకుని రోడ్డు దాటి వచ్చాడు, నా చేతుల వైపు చూశాడు.

"పిల్లేది?"

అప్పుడు చూసుకున్నాను. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. పిల్లి లోపల పీలికల సంచిలో నిద్రపోతోంది, నేను దాన్ని ఎత్తుకోవడమే మరిచిపోయి వచ్చాను.

"పండుకుంది," అన్నాను.

ఆయన గేటు వేసి, వర్షంలోనే ఒక క్షణం నిలబడ్డాడు.

"ఇయ్యాల బెల్టు మూడుసార్లు ఆగింది," అన్నాడు, నాతో.